రికవరీ బండికి ఎనిమిదో తరగతి

2013 జూన్ మొదటి సోమవారం నేను డాక్యుమెంట్స్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మీదుగా పోయే జాతీయ రహదారిలో కొంత భాగాన్ని నిర్వహించే ఒక ప్రైవేటు కంపెనీ అది. పేరు ఇక్కడ అవసరం లేదు. పోస్టింగు బేస్ క్యాంపులో. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, డీజిల్ ట్యాంకు, కంట్రోల్ రూము, వెనకాల ఒక రికార్డు గది. ఆ గది నాది. క్యాంపు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. టోలు గేటు దగ్గర డబ్బు తీసుకునే అమ్మాయిలు ఉండేవారు గానీ, అది అక్కడికి చాలా దూరం.

నేను రిటైరయ్యానంటే ఎవరైనా నవ్వుతారు. 2019 ఫిబ్రవరిలో, పాప కడుపులో ఉండగా, రోజూ రెండు బస్సులు మారడం వద్దని డాక్టరమ్మ చెప్తే మానేశాను. మళ్ళీ చేరతానని అనుకోవడం లేదు. ఇప్పుడు గజపతినగరంలో ఒక మేడ మీద అద్దెకుంటున్నాం. మా ఆయన రాయగడలో పనిచేస్తారు, శనివారం వస్తారు. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి ఊపిరి తీస్తోందో లేదో చూసి వస్తున్నాను కనుక, ఎక్కడైనా అతుకు కనిపిస్తే అది నా వల్లే.

రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం తీసేసిందని ఈ మధ్య పేపర్లో చదివాను. ఆ నిబంధనతో నాకు ఏడు నెలల పరిచయం ఉంది. లైసెన్సుల పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారికి పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

ముందు నా పని గురించి. క్యాంపులో మూడు రకాల బళ్ళు ఉండేవి. గస్తీ తిరిగే పెట్రోలింగ్ జీపులు, ఒక అంబులెన్సు, ఆగిపోయిన బళ్ళనూ ప్రమాదంలో పడ్డ బళ్ళనూ లాక్కొచ్చే రికవరీ బండి. రికవరీ బండిని అందరూ క్రేననే అంటారు. ప్రతి బండికీ రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, బీమా, కాలుష్యం సర్టిఫికెట్టు ఉండాలి. ప్రతి డ్రైవరుకీ సరైన తరగతి లైసెన్సు ఉండాలి. ఏది ఎప్పుడు ముగుస్తుందో చూసి నెల ముందే రెన్యువల్ చేయించడం నా బాధ్యత. ఒక్క కాగితం తేదీ దాటినా, ఆ రోజే ఏదైనా జరిగితే బీమా రాదు. ఈ భయం నాకు మొదటి వారంలోనే పట్టుకుంది. బస్సెక్కాక కూడా తేదీలు మనసులో వల్లె వేసుకునేదాన్ని.

లైసెన్సు అంటే ఒక్కటే అనుకుంటారు చాలామంది. అందులో తరగతులుంటాయి. బండి బరువూ అది మోయగల బరువూ కలిపి ఏడున్నర టన్నులు దాటకపోతే లైట్. అంతకు మించితే బరువు వాహనాల లెక్క వేరు. పైగా, సొంత కారు నడపడం వేరు, కిరాయికో కంపెనీకో నడిచే బండిని నడపడం వేరు. రెండోదానికి ఆ రోజుల్లో లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్ట్ అని అదనంగా రాయించుకోవాలి. డ్రైవర్లు దాన్ని బ్యాడ్జి అంటారు. దానికి ఇరవై ఏళ్ళు నిండాలి, లైట్ లైసెన్సు ఏడాది పాటు చేతిలో ఉండాలి, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. క్రేను కోసమని విడిగా ఒక లైసెన్సు ఏదీ లేదు. క్రేను ఎంత బరువుదో చూసి ఆ తరగతి లైసెన్సు అడుగుతారు. కొక్కెం ఎక్కడ తగిలించాలో, ఇనుప తాడు ఎంత బిగించాలో తెలుసా అని ఎవరూ అడగరు.

ఆ అడగనివన్నీ తెలిసిన మనిషి తవిటినాయుడు. బొబ్బిలి దగ్గర ఒక పల్లె ఆయనది. నలభై రెండేళ్ళుంటాయి. నేను చేరేనాటికే మా పాత క్రేను ఆయన చేతిలో ఉంది. అది చిన్నది, లైట్ తరగతి. కార్లనూ చిన్న వ్యాన్లనూ లాగేది. లారీ పడితే విజయనగరం నుంచి ప్రైవేటు క్రేను పిలిపించేవాళ్ళం. ఆ క్రేనువాళ్ళు కూడా దిగగానే తవిటినాయుణ్ణి వెతుక్కునేవారు.

2015 జనవరిలో కంపెనీ పెద్ద రికవరీ బండి కొంది. బరువైన చాసిస్ మీద బండిని ఎత్తే పొడుగాటి ఇనుప చెయ్యి, అదే బూమ్, ఇనుప తాడు చుట్టే రెండు వించీలు. పాత క్రేనును వేరే క్యాంపుకి పంపేశారు. కొత్త బండి నడపడానికి బరువు వాహనం తరగతి కావాలి. తవిటినాయుడి కార్డు మీద లైట్ ట్రాన్స్‌పోర్ట్ మాత్రమే ఉంది. కొత్త తరగతి కలిపించుకోవచ్చు. లెర్నర్ లైసెన్సు తీసుకుని, నెల్లాళ్ళు ఆగి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు పెట్టి, టెస్టుకి వెళ్ళాలి. ఇదంతా నాకు అలవాటైన పనే.

హెడ్ ఆఫీసు నుంచి మాకొక పేజీ చెక్‌లిస్టు వచ్చేది. అందులో ఎనిమిదో తరగతి పాసు తప్పనిసరి అని ఉంది. బీరువాలో మోటారు వాహనాల నిబంధనల పుస్తకం కూడా ఉంది. నేను జాగ్రత్తపరురాలిని కనుక అది కూడా తీసి చూశాను. ఎనిమిదో నిబంధన మొదటి వాక్యం చెక్‌లిస్టుతో సరిపోయింది. పుస్తకం మూసేశాను.

తవిటినాయుణ్ణి పిలిచి కాగితాలు అడిగాను. ఆయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. మా ప్రాంతం డ్రైవర్లలో ఇదొక పద్ధతి. కార్డు కొత్తగా వచ్చినా, వెనకటి లైసెన్సు పుస్తకాన్ని పారెయ్యరు. చిన్న అట్ట పుస్తకం, నల్లబడిన అంచులు, మొదటి ఫొటోలో మీసం కూడా రాని ముఖం. కార్డుతో పాటు దాన్నీ కవరులో చుట్టి పెట్టుకుంటారు. ఎవరడిగినా రెండూ ఇస్తారు. నేను ఎప్పట్లాగే కార్డు మాత్రం తీసుకుని పుస్తకం వెనక్కిచ్చేశాను. పాతది అక్కర్లేదన్నాను. ఎందాకా చదివావని అడిగితే నాలుగని చెప్పాడు.

ఆ సాయంత్రం డ్రైవర్ల అర్హత రిజిస్టరులో ఆయన పేరుకి ఎదురుగా అనర్హుడు అని రాసి సంతకం చేశాను. అలా రాయడం వల్ల ఎవరికీ ప్రమాదం ఉండదన్న ధైర్యంతో ఆ రాత్రి బాగా నిద్రపోయాను కూడా.

మా మేనేజరు మంచి మనిషే. తణుకు వైపు నుంచి వచ్చి, కుటుంబాన్ని అక్కడే ఉంచి ఒంటరిగా ఉండేవారు. ఆయన తవిటినాయుణ్ణి పనిలోంచి తీసెయ్యకుండా రోడ్డు మీద ప్లాస్టిక్ కోనులు పెట్టే జట్టులో వేశారు. కొత్త బండికి ఈశ్వర్రావు అనే డ్రైవరును తీసుకున్నారు. అన్ని కాగితాలూ ఉన్నాయి. పదో తరగతి పాసు, బరువు వాహనం లైసెన్సు, సిమెంటు లారీ నడిపిన అనుభవం. నా రిజిస్టరులో ఆయన వరసంత శుభ్రంగా ఉన్నది ఇంకోటి లేదు.

రెండో వారంలోనే ఈశ్వర్రావు ఒక లారీని పన్నెండు కిలోమీటర్లు లాక్కొచ్చాడు. లాగేముందు గేరుబాక్సునీ వెనక చక్రాలనీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పలేదు. ఇంజను ఆగి ఉన్న లారీని అలాగే ఈడిస్తే వెనక చక్రాలు తిరుగుతూ గేరుబాక్సును తిప్పుతాయి, లోపల నూనె అందదు. గేరుబాక్సు కాలిపోయింది. లారీ యజమాని కంట్రోల్ రూము ముందు నిలబడి అరిచాడు. ఆ తరవాత మేనేజరు తవిటినాయుణ్ణి క్రేనులో ఎడమవైపు కూర్చోబెట్టి పంపడం మొదలుపెట్టారు. స్టీరింగు ముట్టకూడదు, చెప్పాలి అంతే. రిజిస్టరులో ఆయన హోదా సహాయకుడు. కొన్ని రోజులు కోనుల దగ్గర, పిలుపు వస్తే క్రేనులో.

అప్పుడే మేనేజరు నాతో ఒక మాటన్నారు. ఏదో ఒక ప్రైవేటు స్కూలు నుంచి టీసీ తెప్పించుకోమనండి, అందరూ చేసేదే అని. నేను భయపడ్డాను గానీ ఆ మాట తవిటినాయుడికి చేరవేశాను. ఆయన నా బల్ల ముందు నిలబడి విని తల అడ్డంగా ఊపాడు.

"దొంగ టీసీ ఎట్టుకుని బండెక్కితే, ఎనకాల ఎవుడొస్తన్నాడో సూసుకుంటా తోలాల తల్లీ. నాను ముందుకి సూసి తోలతాను."

పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఈ వయసులో చదివితే సర్కారు ఒప్పుకుంటుందా అని అడిగాడు. ఒప్పుకుంటుందని కనుక్కుని చెప్పాను. ఓపెన్ స్కూల్లో ఎనిమిదో తరగతికి సమానమైన పరీక్ష ఉంది. దరఖాస్తు నేనే నింపాను. పుస్తకాలు విజయనగరంలో కొన్నాను. ఫిబ్రవరి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట పాఠం మొదలైంది.

ఈ పాఠాల ముందు సంగతి ఒకటి చెప్పాలి. క్యాంపులో నేను భోజనం ఒంటరిగా చేసేదాన్ని. డ్రైవర్లు వేపచెట్టు కింద గుంపుగా కూర్చునేవారు. నేను వెళ్తే వాళ్ళ మాటలు ఆగిపోయేవి, అందుకని వెళ్ళేదాన్ని కాదు. మేనేజరు తన గదిలో తినేవారు. రికార్డు గది మెట్టు మీద క్యారేజీ విప్పుకుని, రోడ్డు మీద పోయే లారీల శబ్దం వింటూ తినేదాన్ని. కొన్ని రోజులు పొద్దున్న బస్సు కండక్టరుతో మాట్లాడిన మాట తరవాత సాయంత్రం మళ్ళీ బస్సెక్కే దాకా గొంతు విప్పాల్సిన పని పడేది కాదు. తవిటినాయుడు పాఠానికి రావడం మొదలయ్యాక అక్కడే పై మెట్టున నేను, కింది మెట్టున ఆయన కూర్చునేవాళ్ళం.

తెలుగు చదవడం వచ్చు, నెమ్మదిగా. రాత బాగా కష్టం. లెక్కల్లో మాత్రం నన్ను మించినవాడు. ఎంత పొడుగు బూముకి ఎంత బరువు వేలాడితే బండి ముందు చక్రాలు లేస్తాయో నోటితో చెప్పేవాడు. అదే లెక్క పుస్తకంలో ఉంటే ముఖం చిట్లించేవాడు. ఒకరోజు రెండు రైళ్ళు ఎదురెదురుగా బయలుదేరే లెక్క ఇచ్చాను. చాలాసేపు చూసి పెన్సిలు కింద పెట్టాడు.

"రైలాగిపోతే నన్ను పిలవరు తల్లీ. నా క్రేను లాగలేదు. ఇది ఒగ్గీ, లారీ లెక్కుంటే ఇయ్యి."

మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా? అప్పన్నని పెట్రోలింగ్ జీపు డ్రైవరు ఒకడు ఉండేవాడు, తవిటినాయుడికి వరసకి అల్లుడు. అటు వెళ్ళినప్పుడల్లా ఒక మాట విసిరేవాడు.

"ఏటి మావా, నిక్కరు కుట్టించినావా? పలకెక్కడ?"

"నీ పెళ్ళాన్నడుగు, పలక మీద నీ పేరు రాసి తుడిసేసినాది," అనేవాడు తవిటినాయుడు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఏప్రిల్లో ఒకనాడు ఆయన ఇంటి సంగతి చెప్పాడు. కూతురు బొబ్బిలిలో ఇంటర్ చదువుతోంది. బండి దిగిపోయిన సంగతి ఆ పిల్లకి గానీ భార్యకి గానీ చెప్పలేదు. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు క్రేను డ్రైవరు నారింజ రంగు కోటు తొడుక్కుని, క్యాంపుకి వచ్చాక విప్పి కోనుల జట్టు పచ్చ కోటు వేసుకునేవాడు. ఎనిమిదో తరగతి పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళడం కుదరదు కనుక ఇక్కడే చదవాలి. పరీక్ష పాసై, తరగతి కలిపించుకుని, మళ్ళీ బండెక్కాక ఇంట్లో చెప్తానన్నాడు. ఈలోగా కూతురు ఎప్పుడైనా ఈ రోడ్డు మీద బస్సులో పోతూ చూస్తుందేమో అని మాత్రం ఆయనకి భయం. బొబ్బిలి బస్సు ఇటు రాదు కదా అన్నాను. కాలేజీ పిల్లలు విహారానికెళ్తారు కదా అన్నాడు. బస్సు ఏదైనా దగ్గరికొస్తే ఆయన కోనుల వెనక వంగి తాడు సర్దుతూ ఉండేవాడని ఆ తరవాత గమనించాను.

నాకు చెప్పుకోవడానికి ఎవరూ లేరు కనుక నేను కూడా ఏవేవో చెప్పేదాన్ని. ఆదివారం చర్చిలో అందరూ పెళ్ళెప్పుడని అడుగుతారని, అందుకే వెనక బల్ల మీద కూర్చుని ముందే లేచి వచ్చేస్తానని చెప్పాను. లేచి రావడం తప్పు, ఇంకా ముందు బల్ల మీద కూర్చుంటే ఎవరూ అడగరని ఆయన సలహా. పాటించాను. పనిచేసింది.

ఆగస్టులో అప్పన్న కూడా బరువు తరగతి కలిపించుకుంటానన్నాడు. క్రేనుకి రెండో డ్రైవరు ఉంటే మంచిదని మేనేజరు ఒప్పుకున్నారు. అప్పన్న ఎనిమిది పాసయ్యాడు గానీ, టీసీ వానకి తడిసి పోయింది. స్కూల్లో నకలు కోసం రాసి ఇచ్చాం, ఇంకా రాలేదు. అతనితో రవాణా కార్యాలయానికి వెళ్ళాను. టీసీ నకలు వచ్చేవారం తెచ్చిస్తామని కౌంటరులో చెప్పాను. అక్కడి ఉద్యోగి కార్డు తిప్పి చూసి, బ్యాడ్జి మొదట ఎప్పుడు తీశావని అప్పన్నని అడిగారు. పాత పుస్తకం ఉందా అన్నారు. అప్పన్న జేబులోంచి కవరు తీశాడు. ఆయన రెండు పేజీలు తిప్పారు. 2007కి ముందే ట్రాన్స్‌పోర్ట్ ఉంది కాబట్టి చదువు కాగితం అక్కర్లేదు, ఈ పుస్తకం జిరాక్సు పెట్టండి అన్నారు. అయిదు నిమిషాల్లో దరఖాస్తు తీసుకున్నారు.

క్యాంపుకి తిరిగి వచ్చి పుస్తకం తీశాను. ఎనిమిదో నిబంధన, మొదటి వాక్యం. దాని కిందే అయితే అని మొదలయ్యే రెండో వాక్యం. ఆ నిబంధన వచ్చింది 2007లో. అంతకు ముందే రవాణా వాహనం లైసెన్సు ఉన్నవారికి, రెన్యువల్‌కి గానీ ఇంకో రవాణా తరగతి కలిపించుకోవడానికి గానీ చదువు అర్హత వర్తించదు. చిన్న అక్షరాల్లో కూడా లేదు. మొదటి వాక్యమంత అక్షరాల్లోనే ఉంది.

తవిటినాయుడి ఫైలు తీశాను. కార్డు మీద ట్రాన్స్‌పోర్ట్ తేదీ 2011 అని ఉంది, పుస్తకం నుంచి కార్డుకి మార్చిన తేదీ. కానీ ఆయన పదేళ్ళ పైనుంచి కిరాయి బళ్ళు నడుపుతున్నాడని నాకు తెలుసు. ఇంకొకటి కూడా కనిపించింది. 2014లో ఆయన లైసెన్సు రెన్యువల్ చేయించింది నేనే. అప్పుడు చదువు కాగితం ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదన్న ప్రశ్న నాకు రాలేదు. పని అయిపోయిందని సంతోషించాను.

మేనేజరుకి చెప్పాను. ఆయన నిబంధనల పుస్తకం తీసుకుని రెండుసార్లు చదివారు. తరవాత తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పారు.

"రూలు ఇప్పుడే మారిందని చెప్పండి మేడం. అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆయనకి బండి వస్తుంది, మీకు మాట రాదు."

ఆయన నా మంచికే అన్నారు. ఆ రాత్రి నేనూ అదే అనుకున్నాను. పొద్దున్న బస్సులో ఆ వాక్యాన్ని రకరకాలుగా చెప్పి చూసుకున్నాను. కొత్తగా ఒక సవరణ వచ్చింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏది చెప్పినా సహజంగానే ఉంది. పరీక్షకి ఇంక మూడు వారాలే ఉంది.

మధ్యాహ్నం ఆయన వచ్చి కింది మెట్టు మీద కూర్చుని సామాన్యశాస్త్రం తెరిచాడు. పుస్తకం ముయ్యమన్నాను. పాత లైసెన్సు పుస్తకం ఉందా అని అడిగాను. ఇంటి దగ్గర ట్రంకు పెట్టెలో ఉందన్నాడు. అక్కర్లేదన్నారు కదా, అప్పటినుంచి తేవడం మానేశానన్నాడు. బ్యాడ్జి ఎప్పుడు తీశావంటే 2003 అన్నాడు. అలాగైతే పరీక్ష అవసరం లేదు, ఆ పుస్తకం పెడితే చాలు, బరువు తరగతి కలుపుతారు అని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. తరవాత మామూలుగానే అడిగాడు, అనుమానంతో కాదు.

"ఈ రూలు ఎప్పుడొచ్చినాది తల్లీ?"

పోయిన నెల అనాలి. నోటి దాకా వచ్చింది. ఎదురుగా ఆయన ఒళ్ళో మూసిన పుస్తకం మీద బొద్దుగా, వంకరగా, తప్పుల్లేకుండా రాసుకున్న తన పేరు ఉంది.

"2007లో," అన్నాను.

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"మరైతే జనవరిలో కూడా ఉన్నాదన్నమాట."

ఉంది, నేను చదవలేదు, అన్నాను. మొదటి వాక్యం చదివి ఆగిపోయానని, నువ్విచ్చిన పుస్తకం తెరవకుండా వెనక్కిచ్చానని, అనర్హుడని రాసింది నేనేనని చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. ఆయన రోడ్డు వైపు చూస్తూ విన్నాడు.

"సదువుకున్నోలు సెప్తే మరింక అడగం కదా. నాను అడగలేదు. అడగొచ్చని తెల్దు." ఒళ్ళో పుస్తకం కిందికి దించి, "ఇంట్లో తెలీకుండా ఏడు నెల్లు కోటు మార్సుకున్నాను," అన్నాడు.

కోపంగా అనలేదు. అన్నా బాగుండేది. లేచి పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది మెట్టు మీద పెట్టాడు. పరీక్ష రాస్తావా, ఫీజు కట్టేశాం కదా, పాసవుతావు అన్నాను. తనకి బండి కోసమే చదువు కావలసి వచ్చింది, బండి వచ్చేసింది కదా అన్నాడు. తినకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు పాత లైసెన్సు పుస్తకం తెచ్చాడు. రెండు పేజీలు అతుక్కుపోయాయి. మూడో పేజీలో ట్రాన్స్‌పోర్ట్ ముద్ర, 2003 తేదీ స్పష్టంగా ఉన్నాయి. లెర్నర్ లైసెన్సు, నెల్లాళ్ళ గడువు, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు. అన్నీ వరసగా చేయించాను. ఆ పనుల కోసం మాట్లాడుకున్నాం. సంతకం ఇక్కడ, ఫొటో రెండు, ఫలానా రోజు తొమ్మిదింటికి. ఆయన ప్రతిదానికీ అలాగే మేడం అనేవాడు. తల్లీ అనడం మానేశాడు. అక్టోబరులో టెస్టు పాసయ్యాడు. కార్డు జిరాక్సు అప్పన్న చేత పంపించాడు.

ఈలోగా నేను హెడ్ ఆఫీసుకి ఒక లేఖ రాశాను. చెక్‌లిస్టులో ఆ అంశం అసంపూర్ణంగా ఉందని, నేను మూల నిబంధనను పూర్తిగా చదవకుండా ఒక డ్రైవరును ఏడు నెలలు అనర్హుడిగా చూపించానని, ఆయన తప్పేమీ లేదని, ఆ కాలానికి ఆయన హోదాను సరిచేయాలని. మేనేజరు ఆ లేఖ పంపవద్దని రెండుసార్లు చెప్పారు, మూడోసారి సంతకం పెట్టారు. చెక్‌లిస్టు సవరించారు. తవిటినాయుడి సర్వీసు రికార్డులో సహాయకుడు అన్నది కొట్టేసి రికవరీ డ్రైవరు అని రాశారు. నాకు హెచ్చరిక మెమో వచ్చింది. సిబ్బంది ఫైళ్ళు చూసేది నేనే కనుక, దానికి నంబరు వేసి నా ఫైల్లో నేనే పెట్టుకున్నాను.

ఆయన బండెక్కిన రోజు నేను చూశాను. పిలుపు వచ్చింది, పూసపాటిరేగ దగ్గర బొగ్గు లారీ కాలువలోకి ఒరిగింది. ఈశ్వర్రావు తనంత తానే ఎడమవైపు ఎక్కాడు. తవిటినాయుడు బండి చుట్టూ ఒకసారి నడిచి, టైర్లు తట్టి, కొక్కేల గొలుసు లాగి చూసి, ఎక్కి తలుపు వేసుకున్నాడు. రికార్డు గది కిటికీ ఆ దారిలోనే ఉంటుంది. ఇటు చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు, బండి రోడ్డెక్కేటప్పుడు చూడాల్సింది కుడివైపు.

ఆ తరవాత మూడేళ్ళకు పైగా ఒకే క్యాంపులో పనిచేశాం. నా పెళ్ళికి అప్పన్న, ఈశ్వర్రావు, మేనేజరు వచ్చారు. తవిటినాయుడు డ్యూటీ మార్చుకుని వాళ్ళని పంపించాడు. ఆయన నాకు ఎన్నడూ చెడు చెయ్యలేదు, ఎవరి దగ్గరా నా మాట తేలేదు. మధ్యాహ్నం డ్రైవర్లతోనే తినేవాడు. నేను మళ్ళీ మెట్టు మీద ఒక్కదాన్నే తినేదాన్ని. కొన్నాళ్ళకి లోపలే బల్ల దగ్గర తినడం అలవాటైంది.

ఈ ఉద్యోగంలో ఉన్నవారికీ చేరబోయేవారికీ నేను చెప్పగలిగింది కొంచెమే. నిబంధన మొదటి వాక్యం ఎవరిని ఆపాలో చెప్తుంది. ఎవరిని ఆపకూడదో తరవాతి వాక్యాలు చెప్తాయి, అవి కూడా నిబంధనే. భయంతో పనిచేసేవారు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అక్కడ ఆగితే తమకేమీ కాదు. నేను జాగ్రత్త అనుకున్నది అదే. ఆ తరవాత కూడా కొందరి పేర్లకి ఎదురుగా అనర్హుడు అని రాయవలసి వచ్చింది. రాసిన ప్రతిసారీ ఆ మనిషిని కూర్చోబెట్టి, ఏ నిబంధన వల్ల అలా రాస్తున్నానో చదివి వినిపించి, ఆ పేజీ జిరాక్సు తీసి చేతికిచ్చాను. నేను తప్పు చదివి ఉంటే, ఇంకొకరికి చూపించి అడగడానికి అతని దగ్గర ఆ కాగితం ఉండాలి.